ఇరవై అడుగుల కారు, మధ్యలో అద్దం

ఆ ప్రకటన రాసింది నేనే. “పాతకాలపు అమెరికా లిమోజిన్ అమ్మకానికి ఉంది. ఇరవై అడుగుల పొడవు. నల్ల రంగు, కంపెనీ వేసిందే. మూడు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉంది. ఈ రోజుకూ తాళం తిప్పగానే స్టార్టవుతుంది.” కింద నా ఫోన్ నంబరు. ఎమ్మిగనూరులో ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేయడం నా ఉద్యోగం. పుట్టినరోజు బ్యానరుకూ వర్ధంతి బ్యానరుకూ ఒకే ఫొటో వాడతాం, దండ ఒక్కటే తేడా. అందుకని దేని గురించైనా గొప్పగా రాయడానికి నాకు పెద్దగా ఇబ్బంది ఉండదు.

మొదటి వారం ఫోన్లన్నీ మా చుట్టుపక్కల నుంచే వచ్చాయి. పెద్దకడుబూరు నుంచి ఒకాయన వెనక సీట్లు పీకేస్తే ఎన్ని మూటల పత్తి పడుతుందని అడిగాడు. దేవనకొండ నుంచి ఇంకొకాయన నేరుగా అసలు విషయానికొచ్చాడు.

“లీటరుకు ఎంతిస్తాదప్పా?”

“మూడు.”

“మూడు కిలోమీటర్లా?”

“వాలుంటే నాలుగు.”

“మా ఎద్దులే నయం” అని పెట్టేశాడు.

కారు మాది కాదు. మాకున్నది ఒక సైకిలు, దాన్ని కూడా గోడకు ఆనించాలి, స్టాండు లేదు. కారు ఆదోని పత్తి సావుకార్లది. పత్తికి మంచి ధర పలికిన కాలంలో పెద్ద సావుకారు తండ్రి బొంబాయి పోతే, అక్కడ ఎవరో దొరలు దేశం వదిలిపోతూ అమ్మారట. కొనుక్కొచ్చేశాడు. ఆదోని బజారులో అది తిరగగలిగే మలుపు ఒక్కటి కూడా లేదని కొన్న తర్వాత తెలిసింది. మా నాయన దానికి డ్రైవరు. ముప్పై నాలుగేళ్లు నడిపాడు. ఆదోనిలో మూతపడిన వాళ్ల పత్తి జిన్నింగ్ మిల్లులో కారుకొక షెడ్డు, షెడ్డు పక్కన మాకొక గది. కారు ఉండే చోటు మాకన్నా విశాలంగా ఉండేది, వర్షం కూడా కురిసేది కాదు.

ఆ కారుకు ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య ఒక అద్దం ఉంది. వెనక కూర్చున్నవాళ్లు మీట తిప్పితే పైకి లేస్తుంది. లేచాక వెనక మాటలు ముందుకు వినపడవు. పెద్ద సావుకారు ఎక్కగానే మొదట చేసే పని అదే. ఆ ఇంట్లో ఎన్ని పెళ్లిళ్లు కుదిరాయో, ఎన్ని తగవులు నడిచాయో, అన్నీ మా నాయన వీపు వెనకే జరిగాయి. ఒక్కటీ ఆయనకు తెలియదు. “అందరూ నవ్వుతాండ్రి, ముందర అద్దంలో చూస్తి గదా” అనేవాడు. ఆయన దగ్గరున్న సావుకార్ల చరిత్ర అంతే.

ఏటా శ్రావణంలో ఆ కుటుంబాన్ని ఉరుకుంద ఈరన్న గుడికి తీసుకుపోయేవాడు. ఒక ఏడు ఎవరో పెద్దావిడ, ఇంత పొడుగున్నదంటే దేవుడిదే అయి ఉంటుందనుకుని, బంపరు మీద టెంకాయ కొట్టింది. మా నాయన అరవలేదు. ఆవిడ దండం పెట్టుకుని పోయేదాకా చేతులు కట్టుకుని నిలబడి, తర్వాత ఆ చిన్న సొట్ట పోగొట్టడానికి పదకొండు రోజులు తీసుకున్నాడు. అన్నం తినడానికి పిలిస్తే “వస్తాండా” అనేవాడు, వచ్చేవాడు కాదు. మా అమ్మ చీరలు చిరగకముందే కారు మీద కప్పే బొంతలోకి పోయేవి. “నేను పోయినంక నన్ను గూడా కుట్టెయ్యండి దాంట్లో” అనేది ఆమె. అన్న మాట మాత్రం నిలబెట్టుకోలేదు, మామూలుగానే పోయింది, జ్వరంతో.

పెద్ద సావుకారు పోయాక కొడుకు మిల్లు స్థలాన్ని ప్లాట్లు వేశాడు. షెడ్డూ మా గదీ రెండూ ఒకే ప్లాటులో పడ్డాయి. కారు అమ్మేస్తున్నామని చెప్పిన రోజు మా నాయన ఎంతకు అని కూడా అడగలేదు. ఆయన అడిగింది ఒక్కటే, అదీ నన్ను.

“కొన్నోడు డ్రైవరును పెట్టుకుంటాడా?”

“పెట్టుకోక? కారును నెట్టుకుంటా తిరుగుతాడా?”

“అదే నేననేది. ఎడమ పక్క స్టీరింగు. గేరు స్టీరింగు కిందనే ఉండాది. నన్నిడ్సి యాడికి పోతాడు?”

ఆయనకు అరవై దాటాయి. వేరే బండి నడిపి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. కారుతో పాటు తాను కూడా అమ్ముడుపోతాననే లెక్కలో ఉన్నాడు. ఆ సంగతి ప్రకటనలో రాయమని అడగలేదు గానీ, నేను ఫొటోలు తీస్తుంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఫొటోలో ఆయన లేకుండా కత్తిరించాను. కారు బాగా కనపడాలి గదా.

బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. పెళ్లి మండపాలున్నాయట. చేతిలో చిన్న అయస్కాంతం. దాన్ని కారు ఒళ్లంతా తాకించి చూశాడు, ఎక్కడైనా పుట్టీ పూసుంటే పట్టుకోదు. అన్ని చోట్లా పట్టుకుంది. టెంకాయ దెబ్బ తగిలిన చోట కూడా. మా నాయన పక్కనే నడుస్తూ, అది అతుక్కున్నప్పుడల్లా నా వైపు చూశాడు. తన మార్కుల జాబితా గోడకు అంటించినట్టుంది ఆయన ముఖం.

“ఒక రౌండు పోదాం సార్” అన్నాడు మా నాయన.

ఎమ్మిగనూరు రోడ్డు ఎక్కాం. బెంగళూరాయన వెనక మెత్తటి సీట్లో, నేను ఆయనకెదురుగా మడత కుర్చీలో. ముప్పై నాలుగేళ్లలో నేను వెనక కూర్చోవడం అదే మొదలు. నా వయసు ఇరవై ఆరే అయినా లెక్క అట్లాగే చెప్పాలి. ఆయన మీట చూసి ముచ్చటపడి తిప్పాడు. అద్దం లేచింది. వెంటనే ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడాడు.

“చాలా చక్కగుంది. స్టేజీ పక్కన పెడదాం, పెళ్లికొడుకు పెళ్లికూతురు ఫొటోలు దిగుతారు. ఇంజిన్ మాత్రం పీకించాలి, ఆయిల్ కారితే మార్బుల్ పాడవుతుంది. పెట్రోలు వాసన కూడా ఏసీ హాల్లో బాగుండదు... డ్రైవరా? నిలబడి ఉండే కారుకు డ్రైవరు ఎందుకయ్యా?”

ఆయన నవ్వాడు. నాకు ఎదురుగా నవ్వే మనిషి ఉంటే నవ్వే జబ్బుంది, నేనూ నవ్వాను. తల తిప్పితే ముందు అద్దంలో మా నాయన కళ్లు కనపడ్డాయి. ఆయన కూడా నవ్వుతున్నాడు.

షెడ్డుకు తిరిగొచ్చాక, బొంత మడుస్తూ అడిగాడు.

“ఏమంటాండ్రా సారు? నవ్వుతాండె?”

“బాగుందన్నాడు.”

“నా గురించి?”

నా నోటికి ఎప్పుడూ ఏదో ఒకటి రెడీగా ఉంటుంది. చావింటికి పోయినా ఒక మాట తగులుతుంది. ఆ పూట ఒక్కటీ రాలేదు. రాకపోయేసరికి, నిజం చెప్పాల్సింది పోయి, అబద్ధం వచ్చింది.

“నీ నంబరు రాసుకున్నాడు, ఫోన్ చేస్తామన్నాడు.”

“అంతే గదా మరి” అన్నాడు ఆయన. అదేదో ముందే తెలిసిన సంగతి అయినట్టు.

వారం తర్వాత పొడుగు లారీ వచ్చింది. కారును ఇనుప తాడుతో లాగి ఎక్కించారు. స్టార్టు చేసి ఎక్కిస్తానని మా నాయన అంటే, వద్దు పెద్దాయనా, ఇదే తేలిక అన్నారు. లారీ మలుపు తిరిగాక ఆయన చొక్కా జేబులోంచి కారు తాళం తీసి నాకు చూపించాడు.

“ఇయ్యలే?” అన్నాను.

“ఎవురూ అడగలే. అడిగినా ఇయ్యను. ఎద్దునమ్మితే మెడ పలుపిస్తారా ఎవురన్నా? మీ తాత ఎమ్మిగనూరు జాతరలో ఎన్ని జతలమ్మినాడు, ఒక్క పలుపిచ్చినాడా? కొత్త తాడు కట్టించుకొని తోలుకపోవాల్సిందే. పలుపు మన కొట్టం గాట్లో ఉండాల.”

“ఇది కారు నాయనా.”

“అయితే ఏమి? తాళం ల్యాక ఆడ దింపుకొని ఏం జేస్తారు? పిలుస్తారు. నేను తీసుకపోతా. నేనే స్టార్టు చేసిస్తా.”

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నేనొక జోకు వేశాను, ఎద్దు బెంగళూరు చేరేసరికి మేత కోసం అరుస్తుందని. ఆయన పడి పడి నవ్వాడు.

గది ఖాళీ చేసి, పేటలో ఇంకొక గదికి మారాం. ఆయన తెల్ల ప్యాంటు ఒకటి కుట్టించుకున్నాడు. సంచిలో ఏమేం పెట్టుకోవాలో, బెంగళూరులో చలి ఎంతుంటుందో నన్ను అడిగేవాడు. నేను ఫోన్లో చూసి డిగ్రీలతో సహా చెప్పేవాణ్ణి. అబద్ధానికి వివరాలు ఇస్తే ఎంత బాగా నిలబడుతుందో అప్పుడే చూశాను.

ఆ నెలలోనే ఒక బడి వాళ్లు బస్సుకు డ్రైవరు కావాలని ఆయన్ను వెతుక్కుంటూ వచ్చారు. పెద్ద వయసైనా పరవాలేదు, నిదానంగా నడిపేవాళ్లు కావాలన్నారు. నిదానంలో ఆయన్ను మించినవాడు జిల్లాలో లేడు.

“నేను బెంగళూరు పోతాండానప్పా” అని చెప్పి, వాళ్లకు టీ తాపించి పంపాడు.

నేను గడప దగ్గరే ఉన్నాను. ఆ టీలు తెచ్చింది నేనే.

బస్సుకు ఇంకొకరిని పెట్టుకున్నారు.

మూడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం మా నాయన ఆదోని నుంచి బస్సెక్కి ఎమ్మిగనూరు మా షాపుకు వచ్చాడు. ఫోన్ నా చేతికిచ్చాడు.

“దీంట్లో ఏమో లోపముండాదిరా. రింగు వస్తాండాదా చూడు.”

నా ఫోన్ నుంచి చేశాను. మోగింది. గట్టిగానే మోగింది. ఆయన దాని వైపు, మోగకూడని చోట మోగినట్టు చూశాడు. తర్వాత తలెత్తాడు, నా వెనక కంప్యూటర్ తెర మీద నేను చేస్తున్న బ్యానరు ఉంది. ఎవరో మా ఊరి వాళ్ల అమ్మాయికి బెంగళూరులో పెళ్లయింది, ఇక్కడ విందు. “నూతన వధూవరులకు స్వాగతం.” వెనక నల్లటి పొడుగు కారు. పొద్దున ఆ ఫొటో వచ్చినప్పుడే నేను గుర్తుపట్టాను. ఆయన వస్తాడనుకోలేదు.

ఆయన స్టూలు లాక్కుని తెరకు దగ్గరగా కూర్చున్నాడు. వధూవరులను చూడలేదు.

“ముందర లేసినాది చూడు.”

“ఏది?”

“బంపరు కిందికి జానెడుండాల నేలకు. ఈడ జానెడు మీద నాలుగు వేళ్లుండాది. స్ప్రింగులు లేసినాయి. బరువు ల్యాదు దాని మింద.” వేలితో తెర మీద బంపరు కింద కొలిచాడు. “ఇంజిను తీసేసినార్రా.”

ఆయన ఇంకా తెర వైపే చూస్తూ అడిగాడు.

“నీకు తెలుసునా?”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“ఆ పొద్దే. వెనక కూర్చున్నప్పుడు. ఇంజిన్ తీసేస్తాం, స్టేజీ పక్కన నిలబెడతామన్నాడు. డ్రైవరు అక్కర్లేదన్నాడు.”

“నవ్వుతా అనెనా?”

“ఆ.”

“నువ్వు గూడా నవ్వితివి. చూస్తి నేను.”

షాపులో ప్రింటింగ్ మిషను అటూ ఇటూ కదులుతూ ఎవరిదో సంవత్సరీకం బ్యానరు దింపుతోంది. ఆయన చాలాసేపు కూర్చున్నాడు. టీ తెప్పించనా అంటే తల అడ్డంగా ఊపాడు.

“ఆ పొద్దే సెప్పింటే బడి బస్సు పట్టుకునింటి గదరా” అన్నాడు. కోపంగా అనలేదు. ఏ రోడ్డు మూసేశారో ముందే తెలిసుంటే వేరే దారిలో వచ్చేవాణ్ణి అన్నట్టు అన్నాడు.

లేచి చెప్పులు వేసుకున్నాడు. బస్టాండు దాకా వస్తానన్నాను. “పని చూసుకో” అని, అడ్డంగా చెయ్యి పెట్టి మెట్లు దిగాడు. వీధి చివరి దాకా కనపడ్డాడు. వెనక్కి తిరగలేదు.

సాయంత్రానికల్లా బ్యానరు ఇవ్వాలి. పెళ్లివాళ్లు ఫోన్ చేసి, కారు ఇంకా పెద్దగా కనపడాలన్నారు. పెద్దది చేశాను.