బోణీ కాకముందు వచ్చిన చీర

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, పత్రికలో నా ఉద్యోగం ముగిసే రోజుల్లో, నల్లగొండలో మా ఇంటి పై గదిని ఒక టాంజానియా అమ్మాయికి కిరాయికి ఇచ్చాం. పానగల్ దారిలో ఉండే కాలేజీలో ఆమె ఎమ్మెస్సీ చదివేది. నన్ను అంకుల్ అనేది. నాతో ఇంగ్లీషు, కూరగాయల వాళ్లతో తెలుగు. ఆ తెలుగు బడిలో నేర్చింది కాదు, అంగట్లో నేర్చింది. టమాటాలు ఏరుకుంటూ "జర మంచిగ తూకమెయ్యి అవ్వా, ఊకె నన్ను చూస్కుంట కూసోకు" అని ఆమె అంటే చుట్టుపక్కల వాళ్లు కూరగాయలు వదిలేసి ఆమెనే చూసేవారు.

రెండో ఏడాది చివర వాళ్ల అక్క పెళ్లి కుదిరింది. శుక్రవారం సాయంత్రం శంషాబాద్ నుంచి విమానం. బయల్దేరే ముందు గురువారం పొద్దున గడియారం సెంటర్ దగ్గర ఒక బట్టల దుకాణంలో ఆరు నారాయణపేట చీరలు కొన్నది. ఆరూ ఒకే రంగు, నేరేడు పండు రంగుకు పసుపు అంచు. వాళ్ల ఇంట్లో పెళ్లికి పెళ్లికూతురి తరఫు దగ్గరి ఆడవాళ్లంతా ఒకే బట్టతో గౌన్లు కుట్టించుకుని వరుసగా నిలబడతారట. అక్కడ వాళ్ల ఊళ్లో దర్జీ ఈ బట్ట కోసమే ఎదురుచూస్తున్నాడు.

ఆ ఆరింటిలో ఒకటి మేనత్తది. ఆ మేనత్తకూ ఈ అమ్మాయి తండ్రికీ కొన్నేళ్లుగా మాటల్లేవు. తాత చనిపోయినప్పుడు వచ్చిన తగాదా. ఈ పెళ్లికి కూడా ఆమె వస్తానని చెప్పలేదు, రానని కూడా చెప్పలేదు. "అందరితో పాటు నీకూ బట్ట వస్తోంది అని నాన్న కబురు పంపాడు అంకుల్. నాన్న నోటితో అడగడు. ఆ బట్టే పిలుపు" అని చెప్పింది ఆ అమ్మాయి.

గురువారం సాయంత్రం పెట్టె సర్దుతూ చీరలన్నీ విప్పి చూసుకుంటుంటే ఒక దాని మధ్యలో అరచేయంత నల్లటి మరక కనిపించింది. మగ్గం నూనె మరక. చీర కట్టుకునేవాళ్లకైతే కుచ్చిళ్లలో ఎక్కడో దాగిపోయేదేమో. గౌను కోసం నిలువునా కత్తిరించే బట్టకు దాపరికం లేదు. చీర సంచిలో వేసుకుని ఒక్కతే దుకాణానికి పరుగెత్తింది. గంటలోపే తిరిగొచ్చింది. మొహం గట్టిగా బిగిసి ఉంది.

"నన్ను లోపలికి కూడా రానివ్వలేదు. రేపు రమ్మన్నాడు. నా ముందే ఇంకొకామెకు జాకెట్ ముక్కలు చూపిస్తున్నాడు."

"ఏ టైముకు వెళ్లావమ్మా?"

"అప్పుడే దీపం వెలిగిస్తున్నాడు."

నాకు అర్థమైంది. దీపాలు పెట్టే వేళ అమ్ముతారు గానీ, అమ్మిన సరుకు వాపసు తీసుకుని చేతిలోంచి పైసలు ఇవ్వరు. మా ఇంట్లో కూడా ఆ వేళకు పక్కింటికి పాల తోడు పంపరు. ఆమెకు ఆ మాట చెప్పాను. విన్నది. నమ్మలేదు.

"అంకుల్, ఈ ఊళ్లో రెండేళ్లుగా నేను సామాన్లు కొంటున్నాను. నన్ను చూడగానే కొందరికి ఏదో ఒక కారణం దొరుకుతుంది" అంది.

కాదని అనడానికి నాకు ధైర్యం చాలలేదు. అలాంటివి నేనూ చూశాను.

శుక్రవారం ఆమె వెంట నేనూ వెళ్లాను. మధ్యాహ్నం ఒంటి గంటకల్లా మేము కారెక్కాలి. దుకాణం అప్పుడే తెరిచారు. గడప కడిగి ముగ్గు వేసి ఉంది. సేటు ఊదుబత్తీలు పట్టుకుని గల్లాపెట్టె చుట్టూ తిప్పుతున్నాడు. వాకిట్లో నిలబెట్టిన బొమ్మకు అదే నేరేడు రంగు చీర కట్టి ఉంది. దుకాణంలో ఆ రంగులో మిగిలింది అదొక్కటే అని నిన్న కొన్నప్పుడే చెప్పాడట. ఆ అమ్మాయి దాన్ని చూసి ఊపిరి తీసుకుంది.

సేటు నన్ను గుర్తుపట్టి నవ్వాడు. సంచి చూసి ఆ నవ్వు ఆపేశాడు.

"సార్, వాపస్ దెచ్చిన్రా? జర ఆగుండ్రి. బోణీ గాలె ఇంక."

"మార్చి ఇస్తే చాలు. డబ్బులు వద్దు" అన్నాను.

"నేను ఇయ్యనంటున్ననా సార్? శుక్రారం పూట, బోణీ గాకముందు ఇచ్చిన సరుకు లోపలికి తీస్కుంటే దినమంత అట్లనే ఉంటది. ఒక్క బేరం కానియ్యుండ్రి. కూసోండ్రి, ఛాయ్ చెప్త."

మెట్ల పక్కన రెండు స్టూళ్లు వేయించాడు. ఆ అమ్మాయి కూర్చోలేదు. బొమ్మ పక్కనే నిలబడింది. రోడ్డు మీద పోయేవాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. చాలాసేపటి దాకా ఎవరూ రాలేదు. శుక్రవారం పొద్దున బట్టల దుకాణానికి ఎవరొస్తారు?

నేను లేచాను. "ఒక తువ్వాల కొంటానమ్మా. బోణీ అయిపోతుంది, నీ పని అవుతుంది."

ఆమె నా చేయి పట్టుకుని ఆపింది. "వద్దు అంకుల్. నేను కొన్నదాంట్లో మచ్చ ఉంటే, ఆ మాట వినిపించడానికి మీరు ఇంకొకటి కొనాలా? అది లంచం కాదా?"

కాదమ్మా, అది వేరు అని చెప్పబోయాను. ఎలా వేరో ఇంగ్లీషులో మాటలు కూడబలుక్కునేలోపు ఆటో ఆగింది. నకిరేకల్ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక నడివయసు ఆమె దిగింది. చేతిలో పెద్ద సంచి, మెడలో పసుపుతాడు. గడప దాటకుండానే బొమ్మ వైపు వేలు చూపించింది.

"గా బొమ్మకున్నది దించు సేటు. మా బిడ్డ మొన్న బస్సులకెల్లి చూసిందట. గదే గావాలెనని పానం తింటాంది."

సేటు మొహం వెలిగింది. వెంటనే మమ్మల్ని చూసి ఆ వెలుగు తగ్గింది.

"సేటు, గది ఇయ్యకు" అంది మా అమ్మాయి తెలుగులో. "గది నాకే గావాలె. నిన్నటిసంది అడుగుతున్న."

ఆ పల్లె ఆమె ఆశ్చర్యంగా చూసింది. "ఓయమ్మ, గీ పిల్ల మన తీరే మాట్లాడ్తాంది!" అని నవ్వి, మరుక్షణం కొంగు దోపుకుంది. "అయితేంది బిడ్డా? నువ్వు నిన్నటిసంది అడుగుతుంటే ఇంక బొమ్మ మీద ఎందుకున్నది? పైసలిచ్చినవా?"

"ఇచ్చిన. ఆరు చీరలకు ఇచ్చిన. ఒకటి ఖరాబున్నది."

"నీ ఖరాబు సంగతి సేటుతోటి చూస్కో. నాతోటి గాదు."

ఇద్దరూ సేటు వైపు చూశారు. అతను రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఎటు కదలాలో అతనికి తెలియడం లేదని నాకు కనిపిస్తోంది. నేనూ నోరు పెట్టాను. "ఆమెకు వేరే రంగు చూపించరాదా?" అన్నాను.

"సార్, బోణీ బేరం నేనెట్ల తిప్పి పంపుత? నోరు దెరిచి గిదే గావాలెనంటాంది."

బొమ్మ మీది చీర దించాడు. మడత పెట్టేటప్పుడు మా అమ్మాయి వైపు చూడలేదు. ఆ పల్లె ఆమె బేరమాడింది, ఇతను బోణీ బేరమని తగ్గించాడు. నోట్లు కళ్లకద్దుకుని గల్లాపెట్టెకు తాకించి లోపల వేశాడు. ఆమె ఆటో ఎక్కి వెళ్లిపోయింది. బట్టల్లేని బొమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"ఇగ చెప్పు బిడ్డా. ఏది, చూపెట్టు" అన్నాడు సేటు. గొంతు పూర్తిగా మారిపోయింది. ఎంతో దగ్గరివాడిలా.

"ఇప్పుడేం చెప్పాలె సేటు?" అంది ఆమె. కళ్ల నిండా నీళ్లు. "అయిపోయింది గదా."

అతనే సంచి తీసుకుని చీర పరుపు మీద పరిచాడు. మరక చూసి నాలుక కరచుకున్నాడు. "విప్పి సూడకుండ కట్టిచ్చిన. తప్పు నాదే. పైసలు వాపస్ తీస్కో."

"పైసలు నాకొద్దు. చీర గావాలె."

"అరె, గంత పట్టు ఎందుకు? ఐదు ఒక్క తీరువి, ఒకటి వేరే తీరుది తీస్కపో."

అప్పుడు ఆమె మేనత్త సంగతి చెప్పింది. తెలుగు చాలక సగం నాతో ఇంగ్లీషులో చెప్పింది, నేను తెలుగు చేశాను. ఎవరి గౌను వేరుగా ఉన్నా, మేనత్త వచ్చినందుకే బట్ట చాలలేదంటారు; మేనత్తదే వేరైతే, కావాలని తగ్గించారంటారు. దుకాణదారు తప్పంటే అక్కడ ఎవరూ నమ్మరు.

సేటు మధ్యలోనే పరుపు మీద కూలబడ్డాడు.

"ఆడిబిడ్డ చీరా ఇది?" అన్నాడు. "నిన్ననే ఎందుకు చెప్పలేదు బిడ్డా? అన్న ఇంట్ల లగ్గమైతే ఆడిబిడ్డకు చీర తక్కువైతదా? ఇగ ఆమె జన్మల గడప తొక్కుతదా?"

"నిన్న నువ్వు నా మాట ఎక్కడ విన్నవు?"

సేటు ఫోన్ తీశాడు. ఆ చీరలు మహబూబ్‌నగర్‌లో దుకాణం ఉన్న అతని బామ్మర్ది దగ్గర నుంచి వచ్చాయి. "నేరేడు రంగు, పసుపంచు. ఉన్నదా లేదా? సూసి చెప్పు. ఊకె ఉన్నదనకు, చేతిల పట్టుకుని చెప్పు" అని అరిచాడు. తర్వాత ఫోన్ మోగలేదు. ఛాయ్ వచ్చింది, ఎవరం ముట్టలేదు. ఈలోగా ఇద్దరు ముగ్గురు కొనడానికి వచ్చారు. సేటు వాళ్లను పనివాళ్లకు అప్పగించి ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

చివరకు మోగింది. ఒకటి ఉంది.

"హైదరాబాద్ బస్సెక్కియ్యి" అన్నాడు సేటు. "కండక్టర్‌కు చెప్పి ఇయ్యి. శంషాబాద్‌ల మా సారు నిలబడ్తడు."

మేము శంషాబాద్ చేరేసరికి మూడు దాటింది. విమానాశ్రయానికి పోవాల్సిన మలుపు ముందు, బస్సులు ఆగే చోట కారు ఆపించాను. బామ్మర్ది పంపిన బస్సు నంబరు ఆ అమ్మాయి ఫోన్‌లో ఉంది. ప్రతి బస్సు ముందూ ఆమె రెండడుగులు రోడ్డు మీదికి వెళ్లి నంబరు చదివి వెనక్కి వచ్చేది. షాద్‌నగర్ దగ్గర రోడ్డు పని జరుగుతోందని ఎవరో అన్నారు. కారు డ్రైవర్ "సార్, లోపల లైను పెద్దగుంటది, మల్ల మీ ఇష్టం" అన్నాడు. ఇంకొకసారి అన్నాడు. మూడోసారి నేనే "పోదాం అమ్మా" అనబోయాను. ఆమె మొహం చూసి అనలేకపోయాను.

ఆ బస్సు వచ్చింది. ఆగీ ఆగకముందే కండక్టర్ తలుపులోంచి ఒక పొట్లం పట్టుకుని వంగి చూశాడు.

"పొడుగు పిల్ల, మన తెలుగే మాట్లాడ్తదని చెప్పిన్రు. నువ్వేనా అమ్మా?"

"నేనే అన్నా" అంది.

బస్సు వెళ్లిపోయింది. ఆమె పొట్లం అక్కడే చించింది. ఒక కొస నాకు ఇచ్చి, రోడ్డు పక్కన చీర పొడవునా విప్పి అంగుళం అంగుళం చూసింది. మరక లేదు. పెట్టెలోంచి మిగతా వాటిలో ఒకటి తీసి పక్కన పెట్టింది. పసుపు అంచు ఒకటే. నేరేడు రంగు మాత్రం కొత్తదాంట్లో కాస్త ముదురు. రంగు అద్దకం ఇంకో సారిది. ఇంట్లో దీపాల వెలుతురులో తెలియదేమో గానీ, ఎండలో తెలుస్తోంది.

ఆమె రెంటినీ మార్చి మార్చి చూసింది.

"ఇది నేను కుట్టించుకుంటా" అంది. "అత్తకు ఇది" అని పాతదాన్ని పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టింది. కారెక్కాక సేటుకు ఫోన్ చేసి "ముట్టింది సేటు" అని చెప్పింది. థాంక్స్ కూడా చెప్పలేదు. అతను కూడా ఎదురుచూసినట్టు లేదు.

వారం పది రోజుల తర్వాత గడియారం సెంటర్‌లో సేటు నన్ను ఆపాడు. "సార్, మేనత్త వచ్చిందా?" అని అడిగాడు. ఆ పూటే నాకు ఆ అమ్మాయి కబురు వచ్చింది. చెప్పాను: వచ్చింది, వరుసలో చివర నిలబడింది, అన్నతో మాట్లాడలేదు.

"బట్ట?"

"అందరిలాంటి గౌనే వేసుకుందట."

"వేసుకున్నది గదా" అన్నాడు సేటు. "మాటలదేమున్నది సార్. గవి మెల్లగ ఎన్కసీరి అయితయ్."