వైనతేయ దాటి, సత్యవేణితో ఒక బుధవారం

గుంటూరులో నర్సు శిక్షణ కేంద్రంలో పద్నాలుగేళ్లు గర్భిణుల సంరక్షణ పాఠం చెప్పాను. కాళ్లవాపు, తలపోటు, బీపీ పెరగడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పంపాలని ప్రతి బ్యాచికీ వల్లె వేయించేదాన్ని. 2003లో నా పాత విద్యార్థిని సత్యవేణి నుంచి ఉత్తరం వచ్చింది. అమలాపురం అవతల నగరం అనే ఊరి దగ్గర ఏఎన్ఎంగా చేరిందట. "మేడమ్, మీరు 'వెంటనే' అనేవారు కదండీ, మా లంకలో దానికి రెండు గంటలు పడుతుందండి. ఓసారి వచ్చి చూడండి" అని రాసింది. ఆ రెండు గంటలు ఎలా ఉంటాయో చూడాలనిపించి ఫిబ్రవరిలో సెలవు పెట్టి బయల్దేరాను.

రాజమండ్రిలో బుధవారం ఉదయం ఆరింటికి బస్సెక్కితే రావులపాలెం, కొత్తపేట మీదుగా ఎనిమిదిన్నరకు అమలాపురం చేరింది. అక్కడ రాజోలు బస్సు మారి నగరంలో దిగాను. ఛార్జీలన్నీ కలిపి నలభై రూపాయలు దాటలేదు. భుజాన టీకాల పెట్టెతో సత్యవేణి ఎదురొచ్చింది. ఆటోలో గోదారి పాయ వైనతేయ రేవుకు వెళ్లేసరికి పడవ వెంకన్న ముందు ఆ పెట్టె అందుకుని, నీడన పెట్టి తడిగోనె కప్పాడు. "ఎండ తగిలితే మందు పాడైపోద్దండి" అన్నాడు నాతో. ఎవరు చెప్పారని అడిగితే, "ఈవిడేనండి. వారంవారం చెప్తారండి ఆయ్" అని నవ్వాడు.

పాయ దాటి, లంకలో పిల్లలకు టీకాలు వేయడం అయ్యాక దుర్గ ఇంటికి వెళ్లాం. ఆ అమ్మాయికి ఎనిమిదో నెల. పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. బీపీ నూట అరవై, నూట పది. పొద్దుటి నుంచి తల పగిలిపోతోందని, కళ్లు మసకలుగా ఉన్నాయని చెప్పింది. అత్తగారు నూకాలమ్మ మాత్రం తేలిగ్గా తీసుకుంది. "కాళ్లకి నీరు పడితే మగపిల్లోడండి" అంది.

నేను ఆగలేకపోయాను. మూత్రపిండాలు, మూర్ఛలు, ప్రాణాపాయం అంటూ క్లాసులో చెప్పినట్టు చెప్పుకుపోయాను. నూకాలమ్మ ముఖం ముడుచుకుంది. "మీ పట్నం మాటలు మాకెందుకండి" అని లేచి వాకిట్లోకి వెళ్లిపోయింది.

సత్యవేణి కూడా వాకిట్లోకి వెళ్లి, ఆవిడ పక్కన కూర్చుని, ఎండబెట్టిన మిరపకాయలు తిరగేయసాగింది. కాసేపటికి, "పిన్నిగారూ, మీవాళ్లలో ఎవరికైనా ఇలా వాచిందాండీ?" అంది.

నూకాలమ్మ మిరపకాయల చేట ఒళ్లోకి తీసుకుంది. "మా చెల్లికి. మొహం కూడా ఇలాగే ఉబ్బింది. కాళ్లూ చేతులూ కొట్టుకుని పోయింది. దెయ్యమన్నారు."

"దెయ్యం కాదండి, ఇదే జబ్బు. అప్పుడు చూసి చెప్పేవాళ్లు లేకపోయేరు. ఇప్పుడు నేనున్నాను కదండీ."

ఆవిడ చేట కింద పెట్టి లోపలికి వెళ్లింది. కోడలి చీరలు రెండు సంచిలో కుక్కి, "పడవుందా?" అంది.

పడవలో దుర్గను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టాం. "బిడ్డ కదుల్తోందా అండీ?" అని నన్ను అడిగింది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాను. చిన్నగా తన్నింది. "కదుల్తోందమ్మా" అన్నాను. ఆ రోజు నేనన్న మాటల్లో ఆమెకు పనికొచ్చింది అదొక్కటే. రేవు నుంచి ఆటో కట్టించుకుని అమలాపురం ఆసుపత్రికి చేరేసరికి నా గడియారం ప్రకారం రెండు గంటల పది నిమిషాలు పట్టింది. డాక్టరమ్మ వెంటనే చేర్చుకుంది. నాలుగో రోజున ఆపరేషన్ చేశారు. ఆ సాయంత్రమే సత్యవేణి ఫోన్ చేసింది. "ఆడపిల్లండి, రెండు కేజీల్లోపే. కానీ ఇద్దరూ బాగున్నారు. నూకాలమ్మగారు మనవరాల్ని గుండెకి హత్తుకుని కూర్చున్నారు, ఎవరికీ ఇవ్వట్లేదండి!"

నేను ఆ ఇంట్లో చెప్పినవన్నీ నిజాలే. అయినా నా మాటలకు ఆవిడ లేచి వెళ్లిపోయింది. తనకంటే ఎక్కువ చదివిన మనిషి పక్కనున్నా, సత్యవేణి ఆ ముసలావిడకు తెలిసినదేమిటో అడిగింది. ఎన్నాళ్లుగానో లోపలే దాచుకున్న చావును ఆవిడ బయటపెట్టాకే కోడలు పడవెక్కింది. అలా అడగడం నేనెవరికీ నేర్పలేదు, నాకే తెలియదు.

లంకలు చూడాలనుకునేవాళ్లు చలికాలం చివర్లో వెళ్లండి. వరద రోజుల్లో పడవలు ఆగిపోతాయి. అందుకే ఆ నెలల్లో కాన్పులున్న వాళ్లందరినీ సత్యవేణి గోదారి పొంగకముందే ఇవతలి ఒడ్డుకు, చుట్టాల ఇళ్లకు చేర్చేస్తుంది.