నా ఎత్తు, ఖాజా గెలుపు

అందరూ అందరితో ఆడే మదనపల్లె చదరంగం పోటీ ఈ రోజుతో ముగిసింది. మా ఊళ్లో వకీలు నరసింహయ్యగారిని ఓడించినవాళ్లు లేరు. ఆయన తర్వాత స్థానం నాదే. ఆరేళ్లుగా ఆయన చేతిలో ఓడిపోతున్నాను, నిన్న కూడా ఓడిపోయాను.

పొద్దున నాకు ఎదురుపడ్డది పుంగనూరు దర్జీ ఖాజా సాయిబు. యుద్ధకాలం కదా, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో వచ్చాడు, చొక్కా నిండా మసి. ఆటగాళ్ల పట్టీలో అతని పేరు అట్టడుగున ఉంది. నా మంత్రిని ఎరవేసి, గుర్రంతో అరగంటలో అతని ఆట కట్టించాను.

మధ్యాహ్నం అతను వకీలుగారితో ఆడి గెలిచాడు! వకీలుగారు లేచి నిలబడి అతనికి చెయ్యి అందించారు. నాతో ఆడిన ఆరేళ్లలో, ఆట ముగిశాక ఆయన ఒక్కసారి కూడా తల ఎత్తి చూడలేదు. నా కడుపు మండిపోయింది.

సాయంత్రం ఖాజా నన్ను వెతుక్కుంటూ వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అయ్యవారూ, పొద్దున మీరు నా మింద ఏసిన ఎత్తే వకీలు మింద ఏసినా. ఇన్నేండ్లూ మీరు యాల ఏయలేదు?"

"ఆయన ముందర మంత్రిని ఒదులుకునేదానికి నాకు భయమప్పా" అన్నాను.

"నాకేం భయం సామీ? నేను గెలస్తానని ఎవురూ అనుకోలే గదా!"

భేష్ అని అతని భుజం తట్టాలి. చెయ్యి లేచింది గానీ, దాంతో నా కండువా సర్దుకున్నాను. నిజం చెప్పండి, నా చోట మీరుంటే సంతోషించేవారా?