ఫోన్ వెనకాల కూర్చున్న జరీనా

2023లో నేను జహీరాబాద్ శివార్లలో ట్రాక్టర్లకు వైరింగ్ తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో ట్రైనింగ్ ఇన్‌ఛార్జ్‌గా పనిచేస్తున్నాను. ఆ ఏడాదే హైదరాబాద్‌లోని ఒక యూనివర్సిటీలో ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ కోర్సులో చేరాను. పాఠం చెప్పడం వేరు, పాఠాన్ని రూపొందించడం వేరు అని ఆ కోర్సు మొదట్లోనే చెబుతుంది. నేర్చుకునేవాళ్లు ఎవరు, నేర్చుకున్నాక ఏం చేయగలగాలి, అది మనకెలా తెలుస్తుంది అన్నవి తేల్చుకున్నాకే వీడియో జోలికి వెళ్లాలి. ఆదివారం క్లాసులకు బస్సులో వెళ్లేదాన్ని. ఈ వయసులో మళ్లీ పుస్తకాలేమిటని ఇంట్లో ఆటపట్టించేవాళ్లు. నాకు మాత్రం ఆ చదువు బాగా నచ్చింది.

చివరి ప్రాజెక్టు కోసం ఒక డిజిటల్ పాఠం తయారుచేసి, దాంతో నిజంగా కొందరికి నేర్పి, ఫలితం చూపించాలి. సరిగ్గా అప్పుడే మా ఫ్యాక్టరీవాళ్లు దగ్గర్లోని కోహీర్ నుంచి కొంతమంది ఆడవాళ్లను ఎంపిక చేశారు. అంతా అల్లం తవ్వే, కడిగే కూలిపనులు చేసేవాళ్లు. వాళ్లకోసం ఫోన్‌లో చూసే భద్రతా పాఠాలు చేశాను. అందులో ముఖ్యమైనది లాకౌట్. మెషీన్‌లో వైరు ఇరుక్కుంటే చెయ్యి పెట్టకూడదు. ముందు స్విచ్ ఆపాలి, ఇంకెవరూ ఆన్ చేయకుండా దానికి తాళం వేయాలి, ఎర్ర ట్యాగు తగిలించాలి. ఇది రాకపోతే వేళ్లు పోతాయి. అందుకే మేనేజర్ ఒక షరతు పెట్టారు. శనివారం లోపు పాఠాలు చూసి క్విజ్ పాసైనవాళ్లకే ఉద్యోగం.

ఎవరు ఏ పాఠం చూశారో, ఎన్ని మార్కులొచ్చాయో ఎల్ఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ నమోదు చేస్తుంది. శనివారం రిపోర్టు తీస్తే జరీనా అనే ఒక్క పేరు పక్కనే పచ్చ గుర్తు కనబడింది. ఆమె పాఠాలన్నీ మళ్లీ మళ్లీ చూసింది, క్విజ్ చాలాసార్లు చేసింది, చివరికి అన్నీ సరిగ్గా చెప్పింది. మిగతావాళ్లు లాగిన్ కూడా కాలేదు.

"చూశారా, ఒక్కామెకే శ్రద్ధ ఉంది," అన్నారు మేనేజర్. "ఆమెను తీసుకుందాం. మిగతావాళ్లను రావద్దనండి."

నాకు ఆ రిపోర్టు మింగుడుపడలేదు. ఇంటర్వ్యూ రోజు అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసిన సుజాత పేరు పక్కన కూడా ఖాళీయే. రావద్దన్న మాట ఫోన్‌లో చెప్పడానికి మనసొప్పక కోహీర్ వెళ్లాను.

జరీనా ఇంటి ముందు రేకుల పందిరి కింద అందరూ కూర్చుని అల్లం శుభ్రం చేస్తున్నారు. నేను సంగతి చెప్పగానే చేతులు ఆగిపోయాయి.

"మేమంత చూసినం మేడం," అంది సుజాత. "రోజు గీడనే కూసోని జరీనక్క ఫోన్ల చూసినం."

"మరి మీ మీ పేర్లతోని ఎందుకు చూడలే?" అని అడిగాను.

"గుత్తకు పని పడితె ఒక్కలే పేరిస్తరు గద మేడం. జరీనక్క పేరిచ్చిందంటె మేమందరం వచ్చినట్టే."

అల్లం పనిలో పద్ధతి అది. రైతు దగ్గర పనంతా మొత్తంగా ఒప్పుకుంటారు. పేరు ఒకరిది, పని అందరిదీ. మా క్విజ్‌ను కూడా అలాగే గుత్తకు పట్టారు. వంతులవారీగా జవాబులు చెప్పారు. ఎవరు తప్పు చెప్పినా అందరూ కలిసి మొదటి పాఠం నుంచి మళ్లీ మొదలుపెట్టారు. రిపోర్టులో అన్నిసార్లు ఎందుకు కనబడిందో అప్పుడు అర్థమైంది. నవ్వొచ్చింది కానీ, వాళ్ల ముఖాలు చూసి ఆపుకున్నాను.

"నౌకరి పోతదా మేడం?" అంది సుజాత. "అల్లం పని అయిపోతె మల్ల ఖాళీగ కూసునుడే. ఏడాదంత జీతం వస్తదని బిడ్డను జహీరాబాద్ కాలేజీల ఏసిన."

"నేనొక్కదాన్నే అయితె రాను," అంది జరీనా. "వస్తె అందరం వస్తం."

సోమవారం మేనేజర్‌తో మాట్లాడాను. ఫోన్ మార్కులు పక్కనపెట్టి, మెషీన్ దగ్గర ఒక్కొక్కరి చేత చేయించి చూద్దామన్నాను. మా కోర్సులో దీన్ని పర్ఫార్మెన్స్ అసెస్‌మెంట్ అంటారు. ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నారు.

"ఎవరికి రాకపోతే వాళ్లు ఇంటికే. తర్వాత మీరు నన్ను బతిమాలొద్దు," అన్నారు.

మెయిన్ కరెంటు ముందే తీసేసి, మెషీన్‌లో ఒక వైరు ఇరికించి పెట్టి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచాం. సుజాత స్విచ్ ఆపింది, తాళం వేసింది, ట్యాగు తగిలించింది, తాళంచెవి కొంగున ముడేసుకుంది. తాళంచెవి తమ దగ్గరే ఉంచుకోవాలని పాఠంలో ఉంది గానీ కొంగు సంగతి లేదు. మిగతావాళ్లు కొంత తడబడినా సరిగ్గానే చేశారు.

జరీనా చివర వచ్చింది. ఈమెకు పరీక్షెందుకన్నట్టు మేనేజర్ గడియారం చూసుకున్నారు. ఆమె ఇరుక్కున్న వైరును చూసి, నేరుగా మెషీన్‌లో చెయ్యి పెట్టేసింది.

కరెంటు లేదని తెలిసినా ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. "వీడియో చూసినవ్ గద జరీనా?" అన్నాను.

"యాడ చూసిన మేడం," అంది తల వంచుకుని. "అందరికి కనవడాలని ఫోన్ ఆళ్ల దిక్కు తిప్పి పట్టుకున్న. నేను ఎనకాల ఉన్న. మాటలైతె చెవుల వడ్డయి, చేసుడు కండ్ల వడలే. ప్రశ్న సదివిన, ఆళ్లు చెప్పింది నొక్కిన."

మేనేజర్ కాసేపు రిపోర్టును, కాసేపు జరీనాను చూశారు. ఆయన మాట ప్రకారమే అయితే పచ్చ గుర్తున్న ఆ ఒక్కామెనే ఇంటికి పంపాలి. తనను బతిమాలొద్దని ముందే అన్నారు కాబట్టి నేను అడగడానికి లేదు. తలుపు దగ్గర నుంచి సుజాత మాట్లాడింది.

"జర ఒక్క దినం ఆగుర్రి సార్. అక్కకు మేం నేర్పిస్తం. ఆమె లేకుంటె మేం గూడ రాం."

మేనేజర్ ఒక్క రోజు గడువిచ్చారు. మర్నాడు జరీనా స్విచ్ ఆపి, తాళం వేసి, ట్యాగు తగిలించి, తాళంచెవిని చున్నీ కొసకు ముడేసుకుంది. అది కూడా నేర్పినట్టున్నారు. అందరికీ ఉద్యోగాలు వచ్చాయి.

ప్రాజెక్టులో ఇదంతా ఉన్నదున్నట్టు రాశాను. లెర్నర్ అనాలిసిస్ పేరుతో మేం నేర్చుకునేవాళ్ల వయసు, చదువు, భాష, చేతిలో ఫోన్ ఉందా లేదా అన్నీ అడుగుతాం. ఎవరితో కలిసి పనిచేస్తారని మాత్రం అడగం. అప్పటినుంచి నేను ఆ ప్రశ్నే ముందు అడుగుతున్నాను. మార్కులు చూసి తృప్తిపడటమూ మానేశాను.

ఇప్పుడు మా పాఠాలు గుంపుగా చూసే వీలుంది. కొత్తగా వచ్చినవాళ్లకు లాకౌట్ చూపించేది జరీనాయే. మొన్న ఒకమ్మాయి అందరికీ కనబడేలా ఫోన్ పట్టుకుని వెనకాల నిలబడింది. పాఠం అయిపోయాక నేను ముందు వరుసలో ఉన్నామెను చేసి చూపించమని పిలవబోతుంటే జరీనా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగుర్రి మేడం. ఫోన్ పట్టుకున్న పిల్లను ముందుగాల అడుగుర్రి."