అద్దం మీది గుడి

మొండయ్య చెయ్యి పడితే కిటికీకి అద్దం ఉందో లేదో తెలియదని అరబ్బు దేశపు ఉనైజా పట్నంలో పేరు. మెట్‌పల్లి పక్క పల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయింది. నల్లాలు, ఏసీలు, రంగులు అన్నీ చేశాడు గానీ గర్వం మాత్రం అద్దాల మీదే. ఎంత మొండి మరకైనా మందు కొట్టి, బ్లేడుతో గీకి, పాత బనీను గుడ్డతో తుడిచి గానీ వదలడు.

ఖర్జూర తోటల యజమాని అబూ ఫహద్ ఇంట్లో ప్రతి గురువారం కిటికీల పని అతనిదే. ఆ గురువారం ముందుగదిలో కిటికీకి ఆనించి విడిగా ఒక అద్దం పలక కనిపించింది. పైభాగమంతా మసి పట్టినట్టు నలుపు, కింద మాసిన మరకలు. ఎక్కడో ఊడదీసిన కిటికీ పలక కాబోలు అనుకున్నాడు. అద్దం గురించి ఒకరిని అడగడమా? మందు కొట్టాడు, గీకాడు, తుడిచాడు. తళతళలాడింది.

సాయంత్రం వంటింట్లో నల్లా బిగిస్తుంటే అబూ ఫహద్ కేకలు వినిపించాయి. అది ఫొటో పలకట. నూట అరవై ఏళ్ల కింద ఎవరో ఈజిప్టు ఎడారిలో గుడారం వేసుకుని, అద్దానికి మందు పూసి, అది ఆరేలోపే తీసిన పాత గుడి బొమ్మ. ఒంటెల బేరానికి పోయిన తాత కైరోలో కొని తెచ్చిన పన్నెండు పలకల పెట్టెలోది; వెలుగులో చూద్దామని తీసి కిటికీకి ఆనించాడట. ఆ పలకల్లో వెలుగు నల్లగా, నీడ తెల్లగా పడుతుంది. మొండయ్య గీకిన మసి, గుడి మీది ఆకాశం.

గది ఊడ్చేది మెట్‌పల్లి నుంచే వచ్చిన పనిమనిషి రహమత్బీ కాబట్టి తప్పు ఆమె మీద పడింది. ఆదివారం పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర కొట్టించి, ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపేస్తానన్నాడు అబూ ఫహద్. మొండయ్య నల్లా ఇంకా ఇంకా బిగించాడు.

శనివారం పెద్ద దుప్పటి ఒకటి కొనుక్కుని వెనక గుమ్మానికి వెళ్లాడు. రహమత్బీ బట్టలు ఆరేస్తోంది.

"ఏందన్నా, సాగనంప వస్తివా?"

"ఊరికి తీస్కపో అని తెచ్చిన..."

"మెట్‌పల్లి ఎండలకు దుప్పటి కప్పుకోవాల్నా నేను?" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "నీ గుడ్డ నేనే ఉతికిన. నల్లటి పొరలు రాలినయ్. నాకెరుకే."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వే చెప్తవనుకున్న. మూడొద్దులాయె."

దుప్పటి అక్కడే వదిలేసి లోపలికి నడిచాడు. "అద్దం తుడిచింది నేను. ఆమె కాదు," అన్నాడు తనకొచ్చిన అరబ్బీలో. అబూ ఫహద్ పెట్టెలోంచి వెలిసిపోయిన కాగితం ఒకటి తీసి చూపించాడు. ఆ పలక నుంచి ఎప్పుడో అచ్చువేసిన బొమ్మ. ఇక మరొకటి వేయడానికి లేదు. పెద్ద పెద్ద స్తంభాల మొదట్లో చీమంత మనిషి. ఎత్తు తెలియడానికి ఎవరో కూలివాణ్ణి నిలబెట్టారట. ఎండలో కదలకుండా నిలబడ్డాడు పాపం. మొండయ్య ఆ మనిషి వంక చూడలేకపోయాడు.

రహమత్బీ ప్రయాణం ఆగింది. ఖాళీ పలకను అబూ ఫహద్ మళ్లీ పెట్టెలో దాని చోటనే ఉంచాడు. "గురువారం రా," అన్నాడు, అంతే.

ఇప్పుడు మొండయ్య ప్రతి అద్దం ముందూ ఆగి అడుగుతాడు.

"తుడువు మొండయ్యా, అది కిటికీయే," అంటుంది రహమత్బీ. చాయ్ ఎప్పటిలాగే ఇస్తుంది. అన్నా అనడం మాత్రం మానేసింది.