అవ్వ పెట్టిన మూడు రాళ్లు

మొన్న ఇంటి ముందు కారు నిలిపేచోట గచ్చు వేయిద్దామని తవ్విస్తుంటే గడ్డపారకు ఓ రాయి తగిలింది. పనివాడు విసిరేయబోతుంటే ఉండు నాయనా అంటూ పరుగెత్తాను. ఒకవైపంతా మసిబారిన ఆ రాయిని నేను గుర్తుపట్టకపోతే ఇంకెవరు పడతారు?

మా వారికి పటాన్‌చెరులో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికి గోదావరి వైపు నుంచి వచ్చి, కిరాయి గదిలో నాలుగేళ్లు ఈదాక, ఇంద్రేశం దగ్గర ఓ రైతు తన మెట్ట చెలకను ముక్కలు చేసి అమ్ముతుంటే మేమూ ఒక ముక్క కొనుక్కున్నాం. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో రిజిస్ట్రేషనా పాడా, మాలాంటి వాళ్లందరిదీ తెల్లకాగితం మీద రాతే. కింద ఇద్దరు సాక్షుల వేలిముద్రలు, నేలమీద నాలుగు మూలలా హద్దురాళ్లు, అంతే. ఆ కాగితాన్ని ట్రంకుపెట్టెలో నా పెళ్లిచీర కింద దాచి మా వారు నిశ్చింతగా షిఫ్టులకు వెళ్లేవారు. కాగితం ఉండగా నేల ఎక్కడికి పోతుందన్నది మా అమాయకత్వం.

ఒక ఆదివారం చూసొద్దామని వెళితే, మా హద్దురాళ్ల మధ్య నాలుగు తాటాకులు కప్పి, మూడు రాళ్ల పొయ్యి పెట్టి, ఊళ్లో అంతా అవ్వ అని పిలిచే ఆ రైతు తల్లి జొన్న గటక వండుకుంటోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మేసి మళ్లీ ఆక్రమిస్తారా అని నోటికొచ్చినట్టల్లా దులిపి, ఆవిడ బిందెలోని నీళ్లే ఆ పొయ్యిలో కుమ్మరించాను. ఆవిడ సగం ఉడికిన గటక కుండ నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

వారం తిరగకుండానే మా పక్క ముక్కలో రాళ్లు మాయమై ఎవరివో కొత్తవి వెలిశాయి. మా దాంట్లోనూ ఒక మూలరాయి పీకేశారు. లబోదిబోమంటూ రైతు ఇంటికి పోతే ఆయన నిదానంగా చెప్పాడు.

"కాగితం ఎవలు సూస్తరమ్మా! పొయ్యి మండుతున్నదంటే మనిషి ఉన్నట్టు, కబ్జాకు ఎవడు రాడు. మీరు గీడ ఉంటలేరని మా అవ్వనే రోజు పోయి ముట్టిస్తుండె."

సిగ్గుతో చచ్చిపోయాను. కాళ్లకు దండం పెట్టబోతే అవ్వ నన్ను లేవదీసి, తన పొయ్యిలోంచి నాలుగు నిప్పులు పెంకులోకి తీసి నా చేతికిచ్చింది. "గవన్ని ఎందుకు బిడ్డా, జల్దీ పో. ఇయ్యాల్టి సంది నువ్వే ముట్టియ్యి" అంది. ఆ సాయంత్రమే గిన్నెలు మూటగట్టుకుని ఆ తాటాకుల కిందికి వచ్చేసి, అవ్వ పెట్టిన రాళ్ల మీదే పొయ్యి ముట్టించాం. పోయిన రాయిని రైతే మళ్లీ పాతాడు. తర్వాత రేకులు, గోడలు, స్లాబు ఒక్కొక్కటే వచ్చాయి, పొయ్యిరాళ్లు ఎప్పుడో మట్టికింద పడిపోయాయి. ఎప్పటికో సర్కారు ముద్రపడిన పక్కా కాగితాలూ వచ్చాయి. వాటిలో అవ్వ ఊసు ఎక్కడా లేదు.

ఇప్పుడు ఖాళీ స్థలాలకు ప్రహరీలు, బోర్డులు, కెమెరాలు కాపలా. పరాయివాళ్ల నేల నిలబెట్టడానికి రోజూ నడిచివెళ్లి పొయ్యి ముట్టించే మనుషుల్ని మళ్లీ చూడలేదు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. చెలకంతా అమ్ముడైపోయి, ఆవిడ మనవడు మా వీధి చివరే మూడో అంతస్తులో కిరాయికుంటూ ఫ్యాక్టరీకి వెళుతున్నాడు. మొన్న తవ్వకంలో దొరికిన ఆ పొయ్యిరాయిని కడిగి, మీ నాయనమ్మది, నీ దగ్గరుంచుకో అని తీసుకెళ్లి ఇచ్చాను. రెండు చేతులా అందుకుని, కాసేపు నిమిరి, తిరిగి నాకే ఇచ్చేశాడు.

"మీ కాడనే ఉండనియ్యుండ్రి అమ్మా. పెట్టుకోను నాకు జాగ యాడున్నది?"