వాడి జంక్షన్‌లో ఆగిన ఎక్స్‌ప్రెస్

మా చిన్నప్పుడు... పుణె పోవాలంటే అవ్వ నన్ను మూడు రైళ్లు ఎక్కించేది. ధరూర్ నుంచి ఆటోలో గద్వాల, అక్కడి నుంచి బస్సులో రాయచూరు... ఆపైన వాడి జంక్షన్ దాకా ఒక ప్యాసింజర్, షోలాపూర్ దాకా ఇంకొకటి, పుణె దాకా మరొకటి. ఎక్స్‌ప్రెస్‌లో హాయిగా అయిపోయే ప్రయాణాన్ని రెండు రోజులు సాగదీసేవాళ్ళం.

అమ్మానాన్న అక్కడ బిల్డింగు పనులకు పోయేవారు. నేను అవ్వ దగ్గర, అంటే అమ్మను కన్నతల్లి దగ్గర పెరిగాను. బడి సెలవుల్లో నన్ను అమ్మకు చూపించుకు రావడం అవ్వ పని.

చదువు లేకపోయినా అవ్వకు టికెట్ల సంగతి కొట్టిన పిండి. ఏ బండి చౌక, ఎక్కడ మారాలి, ఏ వయసు దాకా పిల్లలకు టికెట్టు అక్కర్లేదు... వలస పోయేవాళ్ళు ముందు మా గడప తొక్కేవారు. ఏడేళ్ళ నన్ను నాలుగేళ్ళ పిల్లనని ఒకసారి చంకనెత్తుకుంది కూడా. టీసీ వేలాడుతున్న నా కాళ్ళు చూసి నవ్వాడు... అప్పటి నుంచి బుద్ధిగా సగం టికెట్టు తీసేది.

ఒక ఏడాది పక్కింటి ఫోన్‌కు నాన్న చేశాడు. "ఆమెకు జర పానం బాగలేదత్తా. పిల్లను తీస్కొని రాండ్రి" అన్నాడు.

మా దగ్గర దూరం నుంచి చెడ్డ కబురు ఎప్పుడూ సగమే చెబుతారు... దారిలో గుండె ఆగిపోకూడదని. జ్వరమేమో అనుకుంది అవ్వ. అమ్మకు ఇష్టమని పల్లీల పొడి దంచి మూట కట్టింది. ఎప్పటి దారిలోనే బయలుదేరాం.

వాడిలో దిగేసరికి మధ్యాహ్నం. మా ప్యాసింజర్ సాయంత్రానికి గానీ రాదు. ఇంతలో పుణె పోయే ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆగింది. నేను అవ్వ కొంగు లాగాను. అవ్వ మూట ఎత్తుకుని జనరల్ పెట్టె దాకా నడిచింది కూడా... అక్కడ ఆగిపోయింది.

"మనది ప్యాసింజర్ టికెట్టు బిడ్డ. దించేస్తరు."

బండి కనుమరుగయ్యేదాకా అవ్వ కూర్చోలేదు.

మరునాడు దవాఖానకు చేరేసరికి అమ్మ లేదు. ఆ పొద్దున్నే పోయిందట. రాత్రంతా తలుపు వైపే చూసిందని నాన్న చెప్పాడు. మేము వదిలేసిన ఎక్స్‌ప్రెస్ ఆ రాత్రికే పుణె చేరి ఉంటుంది. అవ్వను ఎవరూ ఒక్క మాట అనలేదు... ఆమె మాత్రం మళ్ళీ రైలు ఎక్కలేదు.

చాలా ఏళ్ళకు గద్వాల స్టేషన్‌లో, కౌంటర్‌లో తేడా డబ్బులు కట్టి ప్యాసింజర్ టికెట్టుతోనే ఎక్స్‌ప్రెస్ ఎక్కొచ్చని తెలిసింది. అన్నీ తెలిసిన అవ్వకు ఆ ఒక్క రూలు తెలియదు. ఆ రోజు కొంగు ముడిలో డబ్బులున్నాయి.

ఇప్పటికీ అవ్వ మధ్యాహ్నం కునుకు తీసి, ఉలిక్కిపడి లేస్తుంది...

"ఆ బండిల మనల్ని ఎక్కనిచ్చేటోళ్ళా బిడ్డ?"

"ఎక్కనియ్యరవ్వ. గట్ల రూలు లేదు."

నా మాట నమ్మి మళ్ళీ ఒరుగుతుంది. ఆ అబద్ధం నాకు రోజూ కావాలి, ఆమెకూ కావాలి.

ఇప్పుడు ఫోన్లో వేలు ఆనిస్తే టికెట్టు... చౌక దారులు చెప్పే అవ్వలను అడిగేవాళ్ళే లేరు. మీ ఇళ్ళల్లోనూ డబ్బులకు చూసుకుని ఏదో ఒక బండి వదిలేసినవాళ్ళు ఉంటే రాయండి. మా అవ్వకు చదివి వినిపిస్తాను... తనొక్కతే కాదని తెలుస్తుంది.